నాయకుడి ఇల్లాలు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రాజకీయ చరిత్రలో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాయకుడి భార్యను ఎవరూ పేరుపెట్టి పిలవరు. పాతతరం వాళ్ళకి ఆమె ‘అమ్మగారు’, ఇప్పటి కార్యకర్తలకి ‘మేడమ్’. తెల్లవారుజామునే అర్జీ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఉద్దానం నుంచో ఏజెన్సీ నుంచో మొదటి బస్సుకి వచ్చిన మనిషికి ముందు కనిపించేది నాయకుడు కాదు, ఆమే. ఆయన ఇంకా లేవలేదనో, రాత్రే విశాఖ వెళ్ళారనో చెప్పి, అరుగు మీద కూర్చోమని టీ ఇప్పిస్తుంది. ఆ టీ గ్లాసు దగ్గరే సగం రాజకీయం జరిగిపోతుంది. పింఛను రానివాడెవడో, ఏ ఊళ్ళో ఎవరు అలిగారో ఆమెకి ముందు తెలుస్తుంది. ఇంత పని చేసినా చరిత్ర పుస్తకంలో ఆమెకి దక్కేది సాధారణంగా ‘సతీసమేతంగా’ అన్న ఒక్క మాట.

ఈ ప్రాంతంలో మాత్రం ఆ మాటను దాటి వచ్చిన స్త్రీలు కొందరున్నారు. ఒకామె మంటల్లోంచి జనం పాటలోకి వెళ్ళింది. ఒకామె రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళింది. ఇంకొకామె కొండకి వెళ్ళి తిరిగి రాలేదు. మరొకామె అత్తవారి ఊరూ పుట్టినూరూ కాని నియోజకవర్గం నుంచి శాసనసభకి వెళ్ళింది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి కాబట్టి, అంతకుముందు సంగతులు వచ్చినచోట పాత గంజాం, విశాఖపట్నం జిల్లాల సరిహద్దులను మనసులో పెట్టుకోవాలి.

బొబ్బిలి మల్లమ్మ

ఈ వరసలో మొదటి పేరు రాణి మల్లమ్మదేవిది. ఆమె బొబ్బిలి ప్రభువు రంగారావు భార్య. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. ఉత్తర సర్కారుల్లో శిస్తు వసూలు హక్కును బుస్సీ దగ్గర సంపాదించుకున్న విజయరామరాజుకు, పక్కలో బల్లెంలా ఉన్న బొబ్బిలిని అక్కడినుంచి లేపేయాలని కోరిక. కోట ఖాళీ చేసి వేరేచోటికి పొమ్మంటే రంగారావు ఒప్పుకోలేదు. బొబ్బిలి వీరుల్లో పేరుమోసిన తాండ్ర పాపారాయుడు ఆ సమయానికి రాజాంలో ఉన్నాడు.

మట్టికోట ఫిరంగుల ముందు ఎంతసేపు నిలుస్తుంది? ఇక గెలుపు లేదని తేలాక లోపలి ఇళ్ళకి నిప్పు పెట్టారు. శత్రువు చేతికి చిక్కకూడదని ఆడవాళ్ళనీ పిల్లలనీ తమవాళ్ళే చంపుకున్నారు. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రాసిన కథనంలో ఒక ముసలాయన రంగారావు కొడుకుని చేయిపట్టి తీసుకొచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగిస్తాడు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా ఆ పిల్లవాణ్ణి తాను దాచానని చెబుతాడు. ఆ తర్వాత పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి దూరి ఆయన్ని పొడిచి చంపాడు.

ఓర్మ్ కథ మగవాళ్ళ కథ. మల్లమ్మను జనానికి ఇచ్చింది బుర్రకథల వాళ్ళు, జంగం కథల వాళ్ళు. తంబురా మీద బొబ్బిలి కథ ఎత్తుకున్నప్పుడు ఫిరంగుల మోత దగ్గర ఊగిపోయిన ఊరి జనం మల్లమ్మ ప్రాణం విడిచే ఘట్టానికి వచ్చేసరికి గప్‌చిప్ అయిపోయేవారు. చాలాకాలం ఆ కథ జనం నోటిమీద బతికింది. 1891లో బొబ్బిలి సంస్థానం యుద్ధస్థలంలో స్మారక స్తంభం నిలబెట్టింది. 1964లో సి. సీతారాం దర్శకత్వంలో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా వచ్చింది. రంగారావుగా ఎన్.టి. రామారావు, మల్లమ్మగా భానుమతి నటించారు. ఇవాళ తెలుగువాళ్ళ కళ్ళలో మెదిలే మల్లమ్మకి భానుమతి ముఖమే ఉంటుంది. రామారావు సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మల్లమ్మ త్యాగాన్ని పొగడడం మనకి అలవాటు. ఆ పొగడ్తలో ఒక సౌకర్యం ఉంది: చనిపోయిన ఇల్లాలు ఎవరికీ పోటీ రాదు, ఏ కుర్చీ అడగదు. బతికుండి కుర్చీ అడిగిన వాళ్ళకి ఇదే జనం, ఇవే పత్రికలు ఎలాంటి మర్యాద చేశాయో చూసినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

యుద్ధంలో గెలిచిన విజయనగరం ఏ స్త్రీని తలుచుకుంటుందంటే, పైడితల్లిని. విజయనగరం వాళ్ళ నమ్మకం ప్రకారం ఆమె విజయరామరాజు చెల్లెలు. బొబ్బిలి మీద యుద్ధం వద్దని అన్నకి చెప్పింది. అన్న మరణవార్త తట్టుకోలేకపోయింది. తర్వాత పెద్దచెరువులో అమ్మవారి విగ్రహంగా దొరికింది. దసరా దాటిన మంగళవారం నాడు జరిగే సిరిమానోత్సవంలో, పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుని, మూడు లాంతర్ల దగ్గరి గుడినుంచి కోటదాకా మూడుసార్లు వెళ్ళివస్తాడు. పూసపాటివారు కోట బురుజు మీదనుంచి చూస్తారు. మాను కదిలినప్పుడల్లా కింద జనం అరటిపళ్ళు విసురుతారు. ఓడినవాళ్ళు ఇల్లాలిని పాటలో పెట్టుకుంటే, గెలిచినవాళ్ళు యుద్ధం వద్దన్న ఆడపడుచుని దేవతను చేసుకున్నారు. నాకు తెలిసినంతలో రెండు పక్కలా ఇలా ఒక్కో స్త్రీ మిగిలిన యుద్ధం మన దగ్గర మరొకటి లేదు.

సరస్వతీబాయి గిరి

మల్లమ్మ కథ ముగిసిన 180 ఏళ్ళకి బొబ్బిలి మళ్ళీ దేశానికి వార్త అయింది. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో ఆ సంస్థానానికి వారసుడు, జస్టిస్ పార్టీ ప్రభుత్వానికి అధిపతి అయిన రాజా రామకృష్ణ రంగారావు సొంతగడ్డ మీదే ఓడిపోయాడు. ఓడించింది కాంగ్రెస్ తరఫున నిలబడ్డ కార్మిక నాయకుడు వరాహగిరి వేంకటగిరి. రాజుగారి కోట ముందు రైలు కూలీల లాయరు గెలవడమన్న ముచ్చటను ఈ ప్రాంతం చాలాకాలం చెప్పుకుంది.

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పుడు అది మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లా. ఇచ్ఛాపురం కూడా ఆ జిల్లాలోదే. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు అయ్యాయి. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కేంద్ర శాసనసభ సభ్యుడు. తల్లి సుభద్రమ్మ మద్యనిషేధం కోసం ఉద్యమించి శాసనోల్లంఘన రోజుల్లో అరెస్టయింది. అంటే గిరి భార్య సరస్వతీబాయి కోడలిగా అడుగుపెట్టిన ఇంట్లో అత్తగారే ఒక నాయకురాలు. ఇలాంటి ఇంట్లో కొత్తకోడలికి ఎవరూ ప్రత్యేకంగా రాజకీయం నేర్పక్కర్లేదు. వంటింటి దగ్గర ఎంతమంది చేతులు కడుక్కుంటున్నారో చూస్తే, బయట ఎన్ని సభలు జరుగుతున్నాయో తెలిసిపోతుంది.

డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐరిష్ ఉద్యమకారులతో తిరిగినందుకు 1916లో గిరిని అక్కణ్ణుంచి పంపేశారు. తిరిగొచ్చాక 1922లో సారా దుకాణాల దగ్గర ప్రచారం చేసి జైలుకి వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని కట్టారు. 1926లోనూ 1942లోనూ అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1942లో మళ్ళీ అరెస్టయి 1945 దాకా వెల్లూరు, అమరావతి జైళ్ళలో ఉన్నారు. ఆ అమరావతి మనది కాదు, విదర్భలోది.

ఇక సరస్వతీబాయి. ఆమె గురించి రాసిన చోటల్లా మొదట వచ్చే అంకె 14. ఆ దంపతులకి పద్నాలుగురు పిల్లలు. ఆ అంకె చెప్పి వింతగా నవ్వి వదిలేయడం సులువు. దాన్ని గిరి జీవిత పట్టిక పక్కన పెట్టి చూడాలి. 1937లో మద్రాసులో మంత్రి. 1939లో రాజీనామా. తర్వాత జైలు. 1946లో మళ్ళీ మంత్రి. 1947 నుంచి 1951 దాకా సిలోనులో భారత హైకమిషనర్. 1952లో కేంద్ర కార్మిక మంత్రి. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని ఆ పదవికీ రాజీనామా. 1957లో ఉత్తరప్రదేశ్, 1960లో కేరళ, 1965లో మైసూరు గవర్నరు. 1967లో ఉపరాష్ట్రపతి. ఈ పట్టికలో ప్రతి తేదీ ఆయనకి ఒక పదవి, ఆమెకి ఒక ఇల్లు మారడం. మద్రాసు, కొలంబో, ఢిల్లీ, లక్నో, తిరువనంతపురం, బెంగళూరు, మళ్ళీ ఢిల్లీ. ప్రతిసారీ పిల్లల చదువులు, కొత్త భాష మాట్లాడే నౌకర్లు, కొత్త నీళ్ళు, కొత్త బియ్యం. సూత్రం కోసం పదవిని వదులుకున్న మంత్రి అని దేశం గిరిని మెచ్చుకుంది. ఆ మెప్పు సంపాదించిన రోజున పెట్టెలు సర్దింది ఎవరో ఎవరూ అడగలేదు.

ఈ రెండు జిల్లాలతో ఆ ఇంటి బంధం ఓట్ల బంధం కూడా. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో గిరి పాతపట్నం లోక్‌సభ స్థానం నుంచి గెలిచారు. మహేంద్రతనయ ఒడ్డున, పర్లాకిమిడిని ఆనుకుని ఉన్న ఊరది. నౌపడా నుంచి పర్లాకిమిడి రాజా వేయించిన చిన్నరైలు ఆ ఊరి మీదుగానే పోయేది. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఓడిపోయారు. ఆ ఓటమి మన ఎన్నికల చరిత్రలో ఒక పాఠం. అక్కడ ఒకటి జనరల్ సీటు, ఒకటి గిరిజనులకు కేటాయించిన సీటు. గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకు గిరి కంటే 565 ఓట్లు ఎక్కువొచ్చాయి. దాంతో జనరల్ సీటు కూడా గిరిజనుడికే దక్కింది. గిరి కోర్టుకెళ్ళారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర గెలుపే సరైనదంది. ద్విసభ్య నియోజకవర్గాలు 1961 చట్టంతో పోయాయి. ఓడిన ఏడాదే గిరి గవర్నరై లక్నో వెళ్ళారు. ఈ లెక్కన సరస్వతీబాయి రాజ్‌భవన్ల జీవితానికి దారి తీసింది పార్వతీపురం ఏజెన్సీ ఓటర్లు.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించడంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 20న రాజీనామా చేసి స్వతంత్రుడిగా రాష్ట్రపతి ఎన్నికలో దిగారు. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రకారం ఓటు వేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. ఆగస్టు 24న సరస్వతీబాయి 340 గదుల ఇంటికి గృహిణి అయింది. మరుసటేడు ఆ ఎన్నిక మీద వేసిన పిటిషన్‌లో రాష్ట్రపతే స్వయంగా సుప్రీంకోర్టుకు వెళ్ళి సాక్ష్యం చెప్పడం మరో వింత. 1974 దాకా ఆమె అక్కడ ఉన్నారు. దేశాధినేతల విందుల్లో పక్కన నిలబడడమే ‘ప్రథమ మహిళ’ పని అనుకునే రోజులవి. ఆ పదవికి జీతం లేదు, ప్రమాణ స్వీకారం లేదు, రాజీనామా చేసే వీలూ లేదు.

ఆ ఇంటి నుంచి ప్రజాజీవితంలోకి వచ్చిన స్త్రీ ఆమె కోడలు మోహినీ గిరి. 1971 యుద్ధం తర్వాత భర్తలను పోగొట్టుకున్న సైనికుల భార్యల కోసం 1972లో సంఘం పెట్టారు. 1995 నుంచి 1998 దాకా జాతీయ మహిళా కమిషన్ అధ్యక్షురాలు. బృందావనంలో దిక్కులేని వితంతువుల కోసం ఆశ్రమం నడిపారు. పద్మభూషణ్ అందుకున్నారు. 2023 డిసెంబర్‌లో మరణించారు. సుభద్రమ్మ, సరస్వతీబాయి, మోహిని, ఈ మూడు తరాల్లో జైలుకెళ్ళిన అత్తకీ సంఘం పెట్టిన కోడలికీ నడుమ, ఇల్లు నిలబెట్టిన మనిషి గురించే తక్కువ రాశారు.

కొండకు వెళ్ళిన నిర్మల

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులను కాల్చి చంపడంతో శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధ బాటకు మలుపు తిరిగింది. మైదానంలో ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఉన్న బొడ్డపాడు దానికి మరో కేంద్రం. ఆ ఊరి పంచాది కృష్ణమూర్తి ఉద్యమ నాయకుల్లో ఒకడు. 1969 మే 27న ఆయన పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. భార్య నిర్మల ఇంటికి తిరిగి రాలేదు. దళంలోనే ఉండిపోయింది. అదే ఏడాది డిసెంబరు 22న రంగమటియా కొండల్లో, జముకుల కథతో ఊళ్ళను ఊపేసిన కవి సుబ్బారావు పాణిగ్రాహితోపాటు ఆమె కూడా మరణించింది. భర్త పోయిన ఏడు నెలల లోపే.

తుపాకీ బాట మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఈ వ్యాసంలో ఉన్న మిగతా స్త్రీలకీ నిర్మలకీ ఒక తేడా ఉంది. ఉద్దానంలో ఆమె పేరు భర్త పేరు వెనకాల రాదు. ఇద్దరి పేర్లూ పక్కపక్కన చెబుతారు. ఈ గడ్డ మీద అంతకుముందు ఇంకొక పేరు అలా విడిగా నిలిచింది: 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీ అడవి హక్కుల గొడవలో పోలీసు తుపాకులకి ఎదురెళ్ళి ప్రాణం విడిచిన సాసుమాన గున్నమ్మ. ఆమె ఏ నాయకుడి భార్యా కాదు. కూలోనాలో చేసుకుని బతికే రైతుబిడ్డ.

మళ్ళీ పాతపట్నం

సినిమాలో బొబ్బిలి రంగారావైన ఎన్.టి. రామారావు 1994 ఎన్నికల్లో హిందూపురంతోపాటు శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి కూడా పోటీచేసి రెండుచోట్లా గెలిచారు. తర్వాత టెక్కలిని వదులుకున్నారు. మొదటి భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తో పోయింది. హైదరాబాద్‌లో 2000లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. ఆయన జీవితచరిత్ర రాయడానికి వచ్చిన తెలుగు అధ్యాపకురాలు లక్ష్మీపార్వతిని 1993లో పెళ్ళాడారు. 1995 ఆగస్టులో రామారావు పార్టీ చీలింది, ఆయన ముఖ్యమంత్రి పదవి చేజారింది. 1996 జనవరి 18న రామారావు కన్నుమూశారు.

పార్టీ చీలికకి కారణం లక్ష్మీపార్వతేనని ఒక వర్గం, ఆమె ఒక సాకు మాత్రమేనని ఇంకో వర్గం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాయి. ఆమె తన పార్టీ పెట్టి 1996 లోక్‌సభ ఎన్నికల్లో పోటీచేయిస్తే ఒక్క సీటూ రాలేదు. కానీ ఆ ఏడాదే జరిగిన ఉపఎన్నికలో ఆమె శాసనసభకి గెలిచారు. ఎక్కడినుంచి? పాతపట్నం నుంచి. నలభై నాలుగేళ్ళ కిందట సరస్వతీబాయి భర్తని పార్లమెంటుకి పంపిన ఊరు, ఇప్పుడు రామారావు భార్యని అసెంబ్లీకి పంపింది. ఒడిశా సరిహద్దులో, నీలమణి దుర్గ గుడి ఉన్న ఆ ఊరికి ఆమెతో చుట్టరికం లేదు. చనిపోయిన మనిషి మీద ఉన్న అభిమానం ఆ ఓటు రూపంలో వచ్చిందనడం సబబు. ఆ అభిమానానికి ఒక గడువుంటుంది. ఆమె ఎమ్మెల్యేగా ఉన్నది 1999 దాకానే.

మల్లమ్మకి దొరికిన కన్నీటి గౌరవంలో కొంచెమైనా లక్ష్మీపార్వతికి రాష్ట్ర రాజకీయం ఇవ్వలేదు. ఇద్దరి రాజకీయాలకీ పోలికలేదు, ఒప్పుకుంటాను. అయినా భర్త పక్కన కూర్చున్న ఆడమనిషి అభిప్రాయం చెప్పిందన్నదే పెద్ద నేరమైపోయిన రోజులవి. ఆ నాటి కార్టూన్లు తిరగేస్తే తెలుస్తుంది.

తర్వాతి కాలం

లక్ష్మీపార్వతి తర్వాత నాయకుల భార్యలు ఎన్నికల్లో నిలబడడం ఈ జిల్లాల్లో వింత కాకుండా పోయింది. స్థానిక సంస్థల్లో మహిళలకి మూడోవంతు, తర్వాత సగం సీట్లు కేటాయించడం ఇందుకు పెద్ద కారణం. భార్య సర్పంచి, సంతకం దగ్గర వేలు పెట్టి చూపించేది భర్త అన్న ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అలా మొదలై నాలుగేళ్ళు తిరిగేసరికి భర్తనే బయట కూర్చోమన్నవాళ్ళూ ఉన్నారు.

విజయనగరం జిల్లా నాయకుడు బొత్స సత్యనారాయణ భార్య ఝాన్సీలక్ష్మి విజయనగరం జిల్లా పరిషత్ అధ్యక్షురాలిగా పనిచేసి, 2006 ఉపఎన్నికలో బొబ్బిలి నుంచి, 2009లో విజయనగరం నుంచి లోక్‌సభకి గెలిచారు. పునర్విభజనలో బొబ్బిలి లోక్‌సభ స్థానం రద్దయింది కాబట్టి ఆ పేరుతో పార్లమెంటుకెళ్ళిన చివరి మనిషి ఆమే. శ్రీకాకుళంలో నాలుగుసార్లు గెలిచిన గుండ అప్పలసూర్యనారాయణ భార్య లక్ష్మీదేవి 2014లో అదే స్థానం నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఈ ఇద్దరికీ వైధవ్యం అర్హత కాలేదు. భర్తలు ఉండగానే పోటీచేశారు. పాతపట్నం నాటి లెక్కకి ఇది తలకిందులు.

శ్రీకాకుళం జిల్లా నాయకుడు, నిమ్మాడకు చెందిన కింజరాపు ఎర్రన్నాయుడు కథ ఇంకో తీరు. 2012 నవంబరు 2 తెల్లవారుజామున రణస్థలం దగ్గర రోడ్డు ప్రమాదంలో ఆయన చనిపోయినప్పుడు జిల్లా అంతా నిమ్మాడ దారి పట్టింది. సానుభూతి ఓటు ఎవరికి దక్కాలన్న ప్రశ్న అలాంటి ఇళ్ళలో దినకార్యం కాకముందే వస్తుంది. భార్య విజయకుమారి పోటీకి దిగలేదు. కొడుకు రామ్మోహన్‌నాయుడు 2014లో ఇరవయ్యారేళ్ళకి ఎంపీ అయ్యారు, 2024లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. కూతురు భవాని 2019లో రాజమండ్రి నుంచి ఎమ్మెల్యే అయ్యారు.

పెద్ద ఇళ్ళలో రాజకీయ వారసత్వం ఇలా భార్యలను దాటేసి పిల్లల దగ్గరికి పోవడమే ఎక్కువ. బారువకు చెందిన సర్దార్ గౌతు లచ్చన్న స్వాతంత్ర్య పోరాటంలో జైళ్ళు చూసినవాడు, గీత కార్మికుల పక్షాన నిలిచి ప్రకాశం ప్రభుత్వాన్ని కదిలించినవాడు. ఆయన తర్వాత కొడుకు శ్యామసుందర శివాజీ ఎమ్మెల్యే అయ్యారు. విజయనగరంలో పి.వి.జి. రాజు తర్వాత కొడుకులు ఆనంద గజపతి, అశోక్ గజపతి వచ్చారు. 2024 శాసనసభ ఎన్నికల్లో పలాస నుంచి గౌతు శిరీష, విజయనగరం నుంచి పూసపాటి అదితి గెలిచారు. శిరీష లచ్చన్నకి మనవరాలు, అదితి అశోక్ గజపతికి కూతురు. ఇద్దరూ ఆ ఇళ్ళకి ఆడపడుచులు, కోడళ్ళు కారు.